ఆఖిన్‌లెక్ శనివారాలు

జూనియర్ అనగానే మనకి జూనియర్ కాలేజీ గుర్తొస్తుంది, లేకపోతే జూనియర్ ఎన్టీఆర్. స్కాట్లండ్‌లో జూనియర్ ఫుట్‌బాల్ అంటే మాత్రం పిల్లల ఆట కాదు. పెళ్లయి పిల్లలున్న మగవాళ్లు, వారమంతా గనిలోనో ఫ్యాక్టరీలోనో పనిచేసి, శనివారం మధ్యాహ్నం తమ ఊరి జట్టు తరఫున బురదలో దిగి ఆడుతూ వచ్చిన ఆట. చేతికి కాస్త డబ్బు వస్తుంది కానీ ఇల్లు గడవదు. జూనియర్ అంటే వయసులో చిన్న అని కాదు, హోదాలో వేరు అని. రేంజర్స్, సెల్టిక్ లాంటి పెద్ద క్లబ్బులది ఒక ఇల్లయితే, ఈ ఊళ్ల జట్లు వేరు కాపురం పెట్టుకున్నాయన్నమాట. వీళ్ల సంఘం 1886లో పుట్టింది. వీళ్ల లీగులు వేరుగా ఉండేవి, వీళ్ల కప్పు వేరు.

ఈ సంగతి నా దాకా ఎలా వచ్చిందంటే, మా చెల్లెలి కూతురు గ్లాస్గోలో చదువుకుంటోంది. తను పార్ట్‌టైమ్ చేసే షాపులో ఒక పెద్దావిడ ఏ రోజు డ్యూటీ వేసినా చేస్తుందట గానీ శనివారం మధ్యాహ్నం మాత్రం ససేమిరా అంటుందట. ఊళ్లో మ్యాచ్ ఉంటుందని. "పెద్దమ్మా, ఆవిడకి అరవై దాటాయి" అని నవ్వింది పిల్ల. నాకు నవ్వు రాలేదు. అరవై దాటిన ఆడమనిషి వారంలో ఒక పూట తనదని అంత గట్టిగా పట్టుకుందంటే, దాని వెనక ఏదో ఉండాలి కదా. అలా చదవడం మొదలుపెట్టాను. చదివిన వాటిలో నా మనసు ఒక ఊరి దగ్గర, ఒక సీజన్ దగ్గర ఆగిపోయింది. ఊరు ఆఖిన్‌లెక్. సీజన్ 1985–86.

స్కాట్లండ్‌కి నైరుతి మూల ఎయిర్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ నాలుగు వేల మంది అటూ ఇటూగా ఉండే చిన్న ఊరు ఆఖిన్‌లెక్. పక్కనే, నడిచి వెళ్లేంత దూరంలో కమ్నాక్. చుట్టుపక్కల బొగ్గు గనులు ఉండేవి. ఆఖిన్‌లెక్ జట్టు పేరు టాల్బట్, పుట్టింది 1909లో, మైదానం పేరు బీచ్‌వుడ్ పార్క్. కమ్నాక్ జట్టుకీ వీళ్లకీ ఉన్న వైరం గురించి చెప్పాలంటే, పక్కపక్క ఊళ్ల వియ్యంకుల తగాదా గుర్తు తెచ్చుకోండి. పెళ్లిళ్లు అక్కడే చేసుకుంటారు, పనికి ఒకే గనిలోకి దిగుతారు, మ్యాచ్ రోజు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

ఈ టాల్బట్ అన్న పేరు వెనక ఒక కథ ఉంది. మనలాంటి వాళ్లకి నచ్చే కథ, అందుకే కొంచెం పక్కదారి పడతాను. ఆఖిన్‌లెక్ జమీందారీ బాస్వెల్ వంశానిది. డాక్టర్ జాన్సన్ జీవిత చరిత్ర రాసిన జేమ్స్ బాస్వెల్ ఈ ఇంటివాడే. ఆస్తి మగ వారసులకే చెందాలి, ఆడపిల్లలకి పోకూడదు అని ఆయన పట్టుబట్టి, ఆ విషయం మీద కన్నతండ్రితో కూడా తగువు పడ్డ మనిషి. చివరికి అలాగే పత్రం రాయించుకున్నారు. తీరా మనవడి తరానికి వచ్చేసరికి ఆయనకి ఇద్దరూ ఆడపిల్లలే! ఆ మనవడు కోర్టుకి వెళ్లాడు. పత్రంలో కీలకమైన ఒక మాట చెరిపి దిద్ది రాసినట్టు ఉందని 1850ల మొదట్లో కోర్టులో ఆ కట్టుబాటు వీగిపోయింది. కూతుళ్లకి దారి దొరికింది. అందులో ఎమిలీ అనే అమ్మాయి ఐర్లండ్‌లోని మాలహైడ్ కోటకి చెందిన లార్డ్ టాల్బట్‌ని పెళ్లి చేసుకుంది. ఆ లార్డ్ టాల్బట్ ఊళ్లో కుర్రాళ్లకి ఆడుకోవడానికి స్థలం ఇస్తే, జట్టుకి ఆయన పేరు పెట్టుకున్నారు. పేరు అల్లుడిది, భూమి కూతురి పుట్టింటిది. ముత్తాత మాటే చెల్లి ఉంటే ఈ పేరూ ఉండేది కాదు.

ఇక బొగ్గు. ఊరికి ఆనుకుని బ్యారనీ గని, కాస్త దూరంలో కిల్లాఖ్ గని. సింగరేణి క్వార్టర్లలో పెరిగిన వాళ్లకి నేను వివరంగా చెప్పక్కర్లేదు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ అని ఇంటి వంట, పిల్లల నిద్ర అన్నీ గని సైరన్‌ని బట్టి నడిచే జీవితం. ఒకే ఇంట్లో తండ్రి ఒక షిఫ్టు, కొడుకులు వేరే షిఫ్టు అయితే ఆ ఇల్లాలికి పొయ్యి ఆరే వేళే ఉండదు. గని దగ్గరే స్నానాల గదులు కట్టకముందు ఆ మసి ఇంటికే వచ్చేది. నీళ్లు కాచి, తొట్టి నింపి, వీపు రుద్ది, మళ్లీ ఆ నల్లనీళ్లు పారబోసే పని ఎవరిదో మీకు తెలుసు. 1962లో బ్యారనీలో ఒక షాఫ్ట్ కూలిపోయి నలుగురు చనిపోయారు. అంతకు ముందు 1950లో దగ్గర్లోని నాక్‌షినాఖ్ గనిలోకి పైనున్న పొలం బురదై జారిపడితే 129 మంది లోపల చిక్కుకుపోయారు. 116 మందిని పక్క గనిలోంచి దారి తీసి బయటికి తెచ్చారు, 13 మంది రాలేదు. భర్త షిఫ్టు దిగి గుమ్మంలో అడుగుపెట్టేదాకా ఊపిరి బిగబట్టడం ఆ ఊళ్ల ఆడవాళ్లకి అలవాటే.

ఇలాంటి చోట శనివారం మధ్యాహ్నం ఆట అంటే కాలక్షేపం ఒక్కటే కాదు. వారమంతా నేల కింద ఉన్న మనిషికి పైన ఆకాశం కనిపించే పూట అది. అక్కడినుంచి ఆటగాళ్లు ఎంతమంది వచ్చారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తూర్పున కొండల్లో గ్లెన్‌బక్ అనే చిన్న గని పల్లె ఉండేది. లివర్‌పూల్ క్లబ్బుని మార్చేసిన మేనేజర్ బిల్ షాంక్లీ అక్కడే 1913లో పుట్టాడు. తల్లి బార్బరా, తండ్రి జాన్. పదిమంది పిల్లలు, అయిదుగురు ఆడ, అయిదుగురు మగ. మగపిల్లలు అయిదుగురూ ప్రొఫెషనల్ ఆటగాళ్లయ్యారు. బార్బరా అన్నదమ్ములు ఇద్దరు కూడా పెద్ద క్లబ్బులకి ఆడినవాళ్లే. అంటే ఆట ఆ ఇంటికి తల్లి వైపు నుంచి కూడా వచ్చింది. బిల్ గనిలో పనిచేశాడు, గని మూతపడితే ఖాళీగా ఉన్నాడు, ఆఖిన్‌లెక్ దగ్గర్లోని క్రాన్‌బెర్రీ అనే జూనియర్ జట్టుకి ఆడుతుండగా 1932లో ఇంగ్లండ్ క్లబ్బు తీసుకెళ్లిపోయింది. ఆయన మీద పుస్తకాలున్నాయి, విగ్రహం ఉంది. పదిమందికి వండి, ఉతికి, వాళ్లలో అయిదుగురిని బయటికి పంపిన బార్బరా గురించి ఎక్కడ వెతికినా రెండు మూడు వాక్యాలే దొరుకుతాయి.

సరే, 1985–86కి వద్దాం. దానికి ముందు ఏడాది ఏం జరిగిందో తెలియకపోతే ఆ సీజన్ అర్థం కాదు.

1984 మార్చిలో బ్రిటన్ బొగ్గు గనుల కార్మికులు సమ్మెకి దిగారు. గనులు మూసేస్తామంటే, వద్దని. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వంగలేదు. సమ్మె ఏడాది సాగింది. ఏడాది పాటు ఇంటికి జీతం రాలేదంటే ఏమిటో ఒకసారి మన నెలవారీ లెక్కల పుస్తకం తీసి చూసుకోండి. అక్కడ పేద కుటుంబాలకి ప్రభుత్వ సాయం ఉంటుంది కదా అంటారేమో. సమ్మెలో ఉన్నవాళ్లకి యూనియన్ డబ్బు ఇస్తోందని ఊహించేసుకుని, ఆ సాయంలోంచి వారానికి 15 పౌన్లు, తర్వాత 16 పౌన్లు కోసేవాళ్లు. నిజానికి యూనియన్ అలాంటి డబ్బు ఏమీ ఇవ్వడం లేదు. పెళ్లికాని కుర్రాళ్లకైతే అసలేమీ రాదు. పెళ్లికాని కుర్రాడు ఎక్కడుంటాడు? అమ్మ దగ్గర. అంటే ప్రభుత్వం కోసిన ప్రతి పౌను వచ్చి తల్లి వంటింట్లోనే పడింది.

ఆ ఏడాది గని ఊళ్లను నిలబెట్టినవి సామూహిక వంటశాలలు. కార్మికుల సంక్షేమ హాళ్లలో ఆడవాళ్లు పెద్ద గిన్నెలు ఎక్కించారు. సూప్, బంగాళాదుంపలు, ఎవరో ఇచ్చిన బ్రెడ్డు. మొదట్లో వంటకి వచ్చిన వాళ్లు తర్వాత చందాలకి తిరిగారు, సభల్లో మైకు పట్టుకున్నారు, గేట్ల దగ్గర పికెటింగుకి నిలబడ్డారు. ఒక పెళ్లి భోజనాలకి వండితేనే మనకి మూడు రోజులు నడుం లేవదు. వీళ్లు వారాల తరబడి, డబ్బు లేకుండా, రేపు సరుకు వస్తుందో రాదో తెలియకుండా వండారు. స్కాట్లండ్‌లో దాదాపు 1,400 మంది అరెస్టయ్యారు. ఉద్యోగాలు పోయినవాళ్లు రెండు వందల పైచిలుకు. 1985 మార్చిలో సమ్మె ముగిసింది. గెలిచి కాదు. పనికి వెళ్లినవాడికీ వెళ్లనివాడికీ మధ్య మాటలు పోయాయి, కొన్ని ఇళ్లలో అన్నదమ్ముల మధ్య కూడా.

ఆ ఆగస్టులో కొత్త సీజన్ మొదలైంది.

జూనియర్ ఆటని 1968లో ఆరు ప్రాంతాలుగా విడగొట్టారు. ఎయిర్‌షైర్ అందులో ఒకటి. అంటే లీగ్ మ్యాచులన్నీ చుట్టుపక్కల ఊళ్లతోనే. శనివారం పొద్దున పని చూసుకుని, మధ్యాహ్నం ఆడి, రాత్రికి ఇల్లు చేరేంత దూరం. ఆగస్టులో ఎండ, పచ్చటి గడ్డి, ఆశలు. అక్టోబరు నుంచి వాన. డిసెంబరుకి అక్కడ నాలుగింటికే చీకటి. ఫ్లడ్‌లైట్లు లేని మైదానాల్లో మ్యాచ్ ముందుకు జరపాల్సిందే. జనవరి, ఫిబ్రవరిల్లో మైదానం నీళ్లతో నిండి మ్యాచ్ తర్వాత మ్యాచ్ వాయిదా. వాయిదా పడ్డవన్నీ ఏప్రిల్, మే నెలల్లో కుప్పగా వచ్చి పడతాయి. అప్పుడు పొద్దు తొమ్మిది దాటేదాకా ఉంటుంది కాబట్టి పని నుంచి వచ్చి సాయంత్రాలు ఆడతారు. వారానికి రెండు మూడు మ్యాచులు, కాళ్లు పీకుతూ, మర్నాడు మళ్లీ పని. ఆ బురద బట్టలు చూస్తే నాకు ముందు ఆటగాడు గుర్తురాడు. పదకొండు జతలు, పైన మారుగాళ్లవి, ఎండ లేని దేశంలో ఆరబెట్టడం గుర్తొస్తుంది.

టీవీ డబ్బు లేదు, పెద్ద స్పాన్సర్లు లేరు. గేటు దగ్గర టికెట్టు, రాఫిల్ చీటీలు, క్లబ్బు హాల్లో రాత్రి కార్యక్రమాలు, టీ, పై. స్కాట్లండ్ పై అంటే తియ్యటిది కాదు. వేడినీళ్లతో కలిపిన గట్టి పిండిని చిన్న గిన్నెలా చేసి, మిరియాలు దట్టించిన మటన్ కైమా నింపి, పైన మూత పెట్టి కాలుస్తారు. మూత అంచు కంటే కిందికి ఉంటుంది, ఆ గుంటలో గ్రేవీ పోసుకోవచ్చు. చలిలో నిలబడి ఒంటిచేత్తో తినడానికి ఇంతకన్నా తెలివైన తిండి నాకు తోచదు. దానితో బోవ్రిల్ అని వేడి మాంసరసం. టాల్బట్ లాంటి జట్టు ఒక సీజన్ నడవాలంటే ఇలాంటి చిల్లర డబ్బులన్నీ కూడాలి. ఏడాది క్రితం దాకా జీతమే లేని ఊళ్లో అవి కూడడం చిన్న విషయం కాదు.

జూనియర్ కప్పు మాత్రం దేశం మొత్తానిది. అదంటే ఎంత పిచ్చో చెప్పడానికి ఒక్క అంకె చాలు: 1951లో హాంప్‌డెన్ పార్కులో ఫైనల్ చూడటానికి 77,650 మంది వచ్చారు. ఊరి జట్ల మ్యాచ్‌కి! టాల్బట్ ఈ కప్పుని 1949లో ఒకసారి గెలిచి, ఆ తర్వాత 37 ఏళ్లు ఎదురుచూసింది. మధ్యలో 1979లో కమ్నాక్ గెలిచింది. వియ్యంకుల ఇంట్లో కప్పు మెరుస్తుంటే మన ఇంట్లో గూడు ఖాళీగా ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1986 ఫైనల్‌లో టాల్బట్ ఎదురుపడింది గ్లాస్గో నగరపు జట్టు పొలాక్‌తో. మూడు–రెండు తేడాతో టాల్బట్ గెలిచింది. మేనేజర్ విల్లీ నాక్స్, 1977 నుంచి ఆ జట్టుని పట్టుకుని ఉన్న మనిషి. అక్కడితో ఆగలేదు. 1987లో మళ్లీ గెలిచారు, 1988లో మళ్లీ. వరసగా మూడుసార్లు ఈ కప్పు గెలిచిన మొదటి జట్టు వాళ్లే.

ఇదే కథంతా అయితే నేను రాసేదాన్ని కాదు. గెలుపు కథలు రాయడానికి చాలామంది ఉన్నారు. ఆ తేదీల పక్కన ఇంకో వరస తేదీలు పెట్టి చూడండి. 1987లో కిల్లాఖ్ గని మూసేశారు. రెండు వేల మందికి పైగా పనిచేసిన గని అది. ఆ ఏడాది కప్పు ఫైనల్‌లో టాల్బట్‌కి ప్రత్యర్థి అదే జిల్లాలోని కిల్‌బర్నీ జట్టు. ఆ ఊరి పక్కనే ఉన్న గ్లెన్‌గార్నాక్ ఉక్కు కర్మాగారం 1985లో మూతపడింది. మొదటి మ్యాచ్ ఒకటి–ఒకటి, మళ్లీ ఆడితే టాల్బట్ ఒకటి–సున్నా. బొగ్గు పోతున్న ఊరూ, ఉక్కు పోయిన ఊరూ కప్పు కోసం రెండుసార్లు తలపడ్డాయి. 1989లో కమ్నాక్ వంతు వచ్చింది, వాళ్లు కప్పు గెలిచారు. అదే ఏడాది బ్యారనీ కూడా మూసేశారు. నాలుగేళ్లు వరసగా కప్పు ఆ రెండు ఊళ్లకే వచ్చింది. ఆ నాలుగేళ్లలోనే రెండు ఊళ్లకీ అన్నం పెట్టిన గనులు పోయాయి.

ఓడిన ఊళ్లకి ఆట ఓదార్పు అని చాలామంది తేలిగ్గా రాసేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. కప్పు గూట్లో పెట్టుకుంటే కరెంటు బిల్లు కట్టినట్టు కాదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. సమ్మె తర్వాత పలకరింపులు తెగిపోయిన మనుషులు పక్కపక్కన నిలబడటానికి ఊళ్లో ఇంకా ఒక చోటు మిగిలింది. గని పోతే షిఫ్టు పోయింది, షిఫ్టు పోతే రోజుకి ఆకారం పోయింది. శనివారం మాత్రం శనివారంగా ఉండిపోయింది.

ఇంతమంది ఆడవాళ్లు ఇంత చాకిరీ చేసిన ఆటలోకి వాళ్లని రానిచ్చారా? 1971లో ఐరోపా ఫుట్‌బాల్ సంఘం, ఆడవాళ్ల ఆటని కూడా దేశాల సంఘాలే చేపట్టాలని ఓటు పెట్టింది. 31 దేశాలు సరే అన్నాయి. ఒక్క దేశం కాదంది. ఆ ఒక్కటీ స్కాట్లండ్. 1974 దాకా గుర్తింపు ఇవ్వలేదు. 1955లో పుట్టి, అదే ఎయిర్‌షైర్‌లో స్టూవర్టన్ అనే ఊళ్లో పెరిగిన రోజ్ రైలీ అనే పిల్ల, క్రిస్మస్‌కి ఇచ్చిన బొమ్మని మార్చేసి బంతి తెచ్చుకుంది. అబ్బాయిల జట్టులో ఆడటానికి జుట్టు కత్తిరించుకుని పేరు రాస్ అని చెప్పింది. 1972లో స్కాట్లండ్ ఆడవాళ్ల మొదటి అధికారిక మ్యాచ్‌లో ఇంగ్లండ్ మీద కార్నర్ నుంచి నేరుగా గోల్ కొట్టింది. తర్వాత ఫ్రాన్స్, అక్కడినుంచి ఇటలీ వెళ్లిపోయింది. సొంత దేశపు ఆడవాళ్ల ఫుట్‌బాల్ సంఘమే ఆమె మీద జీవితకాలపు నిషేధం పెట్టింది. ఇటలీ వాళ్లు తమ జాతీయ జట్టులో ఆడించుకున్నారు. 2007లో స్కాట్లండ్ తన ఫుట్‌బాల్ ప్రముఖుల జాబితాలో ఆమె పేరు చేర్చింది, ఆడవాళ్లలో ఆమే మొదటిది. బొమ్మ ఇస్తే బంతికి మార్చుకున్న పిల్లకి అప్పటికి యాభై రెండేళ్లు.

టాల్బట్ ఇప్పటికీ బీచ్‌వుడ్ పార్కులోనే ఆడుతోంది. 2019 జనవరిలో, పెద్ద క్లబ్బుల స్కాటిష్ కప్పులో, రెండో అంచె లీగులో ఆడే ఎయిర్ యునైటెడ్‌ని సొంత మైదానంలో ఒకటి–సున్నాతో ఓడించారు. తర్వాతి రౌండ్‌లో హార్ట్స్ చేతిలో నాలుగు గోల్స్ తిన్నారనుకోండి, అది వేరే సంగతి. 2020లో పశ్చిమ ప్రాంతపు క్లబ్బులు జూనియర్ లీగుల వేరు కాపురం వదిలి, దేశమంతటి లీగుల మెట్ల వరసలోకి చేరిపోయాయి. జూనియర్ కప్పులో మాత్రం టాల్బట్ ఆ తర్వాత కూడా ఆడింది. 2022లో దాన్ని పద్నాలుగోసారి గెలిచింది.

అదే 2022లో స్కాట్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. సమ్మె కాలంలో శిక్షలు పడిన గని కార్మికులకి, బతికున్నవాళ్లకీ పోయినవాళ్లకీ, క్షమాపణ. బిల్లు మీద చర్చ జరిగాక, కార్మికుడి ఇంట్లో ఉంటున్న భార్య, తల్లి, పిల్లలు, తోబుట్టువులకి కూడా అది వర్తించేలా మార్చారు. గేటు దగ్గర నిలబడి కేసులు మోసిన ఆడవాళ్ల పేర్ల మీద మచ్చ ముప్పై ఏడేళ్లకి పోయింది. నష్టపరిహారం మాత్రం ఎవరికీ లేదు. బ్యారనీ గని ఉన్నచోట ఇప్పుడు మిగిలింది ఎ అక్షరం ఆకారంలో ఎత్తైన ఉక్కు చట్రం ఒక్కటే. గ్లెన్‌బక్ పల్లె అసలు లేనే లేదు, ఓపెన్‌కాస్ట్ తవ్వకాల్లో కలిసిపోయింది.